దధీచి నుంచి జీవన్‌దాన్ దాకా

దానం అనే మాట మనకు కొత్తది కాదు. అన్నదానం, విద్యాదానం, గోదానం, భూదానం అంటూ పెద్దలు ఎన్నో చెప్పారు. శరీరంలోని భాగాన్ని ఇవ్వడం కూడా మన కథలకు కొత్త కాదు. పావురాన్ని కాపాడడానికి శిబి చక్రవర్తి తన తొడ మాంసం కోసి తక్కెడలో వేశాడు. వృత్రాసురుణ్ణి చంపే వజ్రాయుధం కోసం దధీచి మహర్షి తన ఎముకలనే ఇచ్చాడు. మన శ్రీకాళహస్తిలో తిన్నడు శివుడి కంట నెత్తురు చూసి, తన కన్ను పెకలించి పెట్టి కన్నప్ప అయ్యాడు.

అయితే ఈ మూడు కథల్లోనూ ఇచ్చినవాడు తన సంగతి తాను తెలిసి, తానే నిర్ణయించుకుని ఇచ్చాడు. ఈనాటి అవయవదానంలో చాలాసార్లు అవయవం పోయినవారిది, ఇమ్మని చెప్పవలసిన నోరు ఉన్నవారిది. బ్రతికుండి ఇచ్చే చోట కూడా ఇష్టపడి ఇచ్చారా, ఇవ్వక తప్పక ఇచ్చారా అన్న సందేహం ఉంటుంది. వందేళ్ళ అవయవ మార్పిడి చరిత్ర అంతా ఈ రెండు చిక్కుముళ్ళ చుట్టూనే తిరిగింది. వైద్య ఆరోగ్య శాఖలో గుమాస్తాగా చేరి, పరిపాలనాధికారిగా పదవీ విరమణ చేసినవాడిని నేను. డాక్టరును కాను. ఉద్యోగ రీత్యా విన్నదీ, తరువాత చదివి తెలుసుకున్నదీ, మా ఇంట్లో పడినదీ కలిపి ప్రత్యేక సంచిక పాఠకులతో పంచుకుంటున్నాను.

కన్నుతో మొదలు

మనిషి నుంచి మనిషికి మార్చి, విజయం సాధించిన తొలి భాగాలలో కంటి నల్లగుడ్డు మీద ఉండే పారదర్శకమైన పొర ఒకటి. దీనినే కార్నియా అంటారు. 1905 డిసెంబరు 7న, నేటి చెక్ దేశంలోని ఓలొమౌట్స్ పట్టణంలో ఎడ్వర్డ్ జిర్మ్ అనే వైద్యుడు ఈ శస్త్రచికిత్స చేశాడు. సున్నం పడి రెండు కళ్ళూ పోయిన ఒక కూలీ ఆయన రోగి. గాయపడి చూపు దక్కదని తేలిన ఒక పదకొండేళ్ళ బాలుడి కన్ను తీసివేయవలసి వచ్చినప్పుడు, ఆ కంటి కార్నియాను ఈ కూలీకి అమర్చారు. ఒక కంటికి చూపు నిలిచింది.

ఆనాడు బ్రతికున్నవారి కన్ను దొరికితే తప్ప దారి లేదు. 1930లలో ఒడెస్సా నగరంలో ఫిలాతోవ్ అనే వైద్యుడు, మృతుల కళ్ళ నుంచి తీసిన కార్నియాలు కూడా చక్కగా పనికివస్తాయని నిరూపించాడు. అక్కడి నుంచే నేత్రనిధి అన్న ఆలోచన బలపడింది. మన దేశంలో మొదటి నేత్రనిధి 1945లో మద్రాసులో డాక్టర్ ముత్తయ్య ఆధ్వర్యంలో ఏర్పడింది. మన హైదరాబాదులో డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు 1987లో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థను ప్రారంభించగా, 1989లో దానికి అనుబంధంగా రామాయమ్మ అంతర్జాతీయ నేత్రనిధి ఏర్పాటయింది.

కవలల మూత్రపిండం

కార్నియాకు రక్తనాళాలు ఉండవు కాబట్టి పరాయిదైనా శరీరం చాలావరకు సహిస్తుంది. మూత్రపిండం అలా కాదు. పరాయి అవయవాన్ని మన శరీరం శత్రువుగా ఎంచి తరిమివేస్తుంది. 1954 డిసెంబరు 23న బోస్టన్‌లో జోసెఫ్ మర్రే అనే సర్జన్, ఒకే పోలికగల కవల సోదరులలో ఒకరి మూత్రపిండాన్ని మరొకరికి అమర్చి తొలి విజయం సాధించారు. వారు నిజంగా ఏకరూప కవలలేనా అని నిర్ధారించుకోవడానికి వేలిముద్రలు కూడా తీయించారట.

ఇక్కడ గమనించవలసినది మరొకటి ఉంది. ఏ జబ్బూ లేని మనిషిని, అతనికి ఏ ప్రయోజనమూ లేకుండా కత్తితో కోయవచ్చునా? కీడు చేయకు అన్నది వైద్యుడి మొదటి ధర్మం కదా! అందుకని మర్రే బృందం సాటి వైద్యులతో పాటు మతాచార్యులనూ, న్యాయ నిపుణులనూ సంప్రదించి గాని కత్తి పట్టలేదు. రోగి మరి ఎనిమిదేళ్ళు జీవించాడు. మర్రేకు 1990లో నోబెల్ బహుమతి లభించింది. మన దేశంలో తొలి విజయవంతమైన మూత్రపిండ మార్పిడి 1971లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో జరిగింది.

గుండె కొట్టుకుంటున్న మరణం

మూత్రపిండాలు రెండు, ఒకటి ఇచ్చినా మనిషి బ్రతుకుతాడు. గుండె ఒక్కటే. 1967 డిసెంబరు 3న కేప్‌టౌన్‌లో క్రిస్టియన్ బర్నార్డ్ గుండె మార్పిడి చేసి ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచాడు. రోగి పద్దెనిమిది రోజులు బ్రతికాడు. 1968 ఫిబ్రవరిలో బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో డాక్టర్ పి.కె. సేన్ మన దేశంలో తొలి ప్రయత్నం చేశారు గాని, రోగి కొద్ది గంటలకు మించి దక్కలేదు.

అప్పుడు లేచింది అసలు ప్రశ్న. మరణం అంటే ఏమిటి? ఊపిరి ఆగి, నాడి అందకపోతే పోయినట్టని మన పెద్దలు చెప్పారు. కానీ మెదడు పూర్తిగా చచ్చిపోయినా యంత్రం ఊపిరి పోస్తుంటే గుండె కొంతకాలం కొట్టుకుంటూనే ఉంటుంది. 1968లో హార్వర్డ్ విశ్వవిద్యాలయ సంఘం ఒకటి మెదడు మరణాన్ని మరణంగానే పరిగణించాలని నివేదిక ఇచ్చింది. దీనినే మనవాళ్ళు బ్రెయిన్ డెత్ అనీ, జీవన్మృతి అనీ అంటున్నారు.

ఈ విషయంలో నమ్మకం చెడితే ఏమవుతుందో జపాన్ చూపించింది. 1968లోనే అక్కడ ఒక గుండె మార్పిడి జరిగింది. దాత నిజంగా మరణించాడా అన్న అనుమానం లేచి, వైద్యుడిపై హత్యానేరం కింద ఫిర్యాదు నమోదయింది. విచారణ తరువాత అభియోగం మోపకుండా వదిలేశారు. కానీ ప్రజల అనుమానం వదలలేదు. అవయవ మార్పిడి చట్టం రావడానికి ఆ దేశానికి 1997 దాకా పట్టింది.

మన చట్టం ఈ జాగ్రత్త తీసుకుంది. మెదడు మరణాన్ని నలుగురు వైద్యుల మండలి ధ్రువీకరించాలి. అవయవం మార్చే వైద్యులు అందులో ఉండకూడదు. పరీక్షలు కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు చేయాలి. పింఛనుదారులమైన మనం బ్రతికే ఉన్నామని ఏటేటా లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చుకుంటున్నాం, అదీ ఒక్క సంతకంతో. పోయామని చెప్పడానికి ఇన్ని సంతకాలు కావాలనడం నాకు సబబుగానే తోస్తుంది.

అమ్మకం, చట్టం

1980లలో సైక్లోస్పోరిన్ అనే మందు వచ్చాక, రక్తసంబంధం లేనివారి అవయవం కూడా శరీరం స్వీకరించడం సాధ్యమయింది. దానితో పాటు అమ్మకమూ మొదలయింది. మద్రాసులోని విల్లివాక్కం మురికివాడలో కిడ్నీలు అమ్ముకున్నవారు ఎందరో ఉండడంతో, దానికి కిడ్నీవాక్కం అన్న పేరు పడింది. అప్పు తీరుతుందని అమ్ముకున్నవారికి చివరికి అప్పూ మిగిలింది, కడుపు మీద కోతా మిగిలింది.

ఈ పరిస్థితిలో పార్లమెంటు మానవ అవయవ మార్పిడి చట్టం చేయగా, 1994 జూలై 8న రాష్ట్రపతి ఆమోదం లభించింది. అవయవాల క్రయవిక్రయాలు నేరమయ్యాయి, మెదడు మరణానికి గుర్తింపు వచ్చింది. నెల తిరగకముందే, ఆగస్టు 3న ఢిల్లీ అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో మన దేశపు తొలి విజయవంతమైన గుండె మార్పిడి జరిగింది. చేసినవారు మన రాజమహేంద్రవరంలో పుట్టిన డాక్టర్ పనంగిపల్లి వేణుగోపాల్ గారు. ఆ రోజునే 2023 నుంచి భారతీయ అవయవదాన దినంగా పాటిస్తున్నారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1995లో తన స్వంత చట్టం చేసుకుంది. కేంద్ర చట్టాన్ని 2011లో సవరించి, అమ్మకానికి శిక్షను అయిదు నుంచి పదేళ్ళ జైలుకూ, ఇరవై లక్షల నుంచి కోటి రూపాయల జరిమానాకూ పెంచారు.

మా ఇంట్లో

చట్టం అమ్మకాన్ని ఆపగలదు గాని, కుటుంబంలోని మొహమాటాన్ని ఆపలేదు. ఇది నాకు పుస్తకంలో తెలిసింది కాదు.

1998లో మా పెద్దన్నయ్యకు రెండు కిడ్నీలూ పాడయ్యాయి. అమ్మ వయసు మీదపడినది. వదిన రక్తపు గ్రూపు కలవలేదు. నాకు అప్పటికే మధుమేహం ఉండడంతో నా పేరు మొదటి రోజే కొట్టేశారు. మిగిలింది మా చెల్లెలు. పెళ్ళయి ఇద్దరు పిల్లల తల్లి. ఆమెను ఎవరూ ఇమ్మని అడగలేదు. అడగకుండానే ఇంట్లో అందరి చూపులూ ఆమె వైపు తిరిగాయి. అత్తవారింట్లో ఇష్టం లేదు. బావగారు అవునని గాని కాదని గాని అనలేదు.

పరీక్షలు పూర్తయ్యాక డాక్టరు గారు మమ్మల్నందరినీ బయటకు పంపి, చెల్లెలితో ఒంటరిగా మాట్లాడారు. "అమ్మా, మీకిష్టం లేకపోతే నాకు చెప్పండి. మీ కిడ్నీ సరిపడలేదని మాత్రం బయట చెబుతాను. అంతకు మించి ఎవరికీ తెలియదు" అన్నారట. ఈ మాట చెల్లెలు నాకు చాలా ఏళ్ళ తరువాత చెప్పింది. "చిన్నన్నయ్యా, నేను కాదంటే పెద్దన్నయ్య పోయాడన్న మాట జన్మంతా నా మీద ఉంటుందని భయపడ్డాను. కాదనడానికి కూడా వీలుందని తెలిశాకే మనసు కుదుటపడింది. అప్పుడు ఇస్తానన్నాను" అంది.

అన్నయ్య మరి పన్నెండేళ్ళు ఉన్నాడు. పిల్లల పెళ్ళిళ్ళు చూశాడు. చెల్లెలికి ఇప్పుడు డెబ్బయి దాటాయి, ఏటా రక్తపరీక్ష చేయించుకుంటూ ఆరోగ్యంగానే ఉంది. అయినా ఒక సంగతి మరువరాదు. మన దేశంలో బ్రతికుండి అవయవం ఇచ్చేవారిలో స్త్రీలే ఎక్కువ, పుచ్చుకునేవారిలో పురుషులే ఎక్కువ. ఇది ప్రేమే కావచ్చు. కానీ కాదనే వీలు ఎంతమందికి ఇచ్చామో ఎవరి ఇంట్లో వారు తరచి చూసుకోవాలి.

ఈ బరువు బ్రతికున్నవారి మీద తగ్గాలంటే, పోయినవారి అవయవాలు ఎక్కువగా అందాలి. దానికోసమే 2013లో నిమ్స్ కేంద్రంగా జీవన్‌దాన్ పథకం మొదలయింది. రాష్ట్ర విభజన తరువాత రెండు రాష్ట్రాలలోనూ నడుస్తోంది. 2021 ఫిబ్రవరిలో హైదరాబాదు మెట్రో రైలు నాగోలు నుంచి జూబ్లీహిల్స్ దాకా మధ్యలో ఎక్కడా ఆగకుండా ఒక గుండెను మోసుకుపోయింది. అయినా మన దేశం మొత్తం మీద మరణానంతర దాతలు పది లక్షల జనాభాకు ఏటా సుమారు ఒకరే. స్పెయిన్‌లో ఆ సంఖ్య నలభైకి పైనే.

మనవంటి వారికి

మన వయసులో మన అవయవాలు ఎవరికి పనికివస్తాయని మిత్రులు నవ్వుతుంటారు. కళ్ళకు వయసుతో నిమిత్తం లేదు. అద్దాలు పెట్టుకున్నా, శుక్లాల ఆపరేషను అయినా, చక్కెర వ్యాధి ఉన్నా ఇవ్వవచ్చు. మరణించిన ఆరు గంటల లోపల తీయాలి. నేత్రనిధి వారు వచ్చేలోగా కనురెప్పలు మూసి, తడి దూది పెట్టి, ఫ్యాను ఆపి, తల కింద దిండు పెడితే చాలు. పుచ్చుకునే వైపు కూడా ఒక మేలు జరిగింది. మరణించినవారి అవయవం కోసం పేరు నమోదు చేసుకోవడానికి 65 ఏళ్ళ వయోపరిమితిని 2023లో కేంద్రం తొలగించింది. అదే ఏడాది, అవయవం ఇచ్చే కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి 42 రోజుల వరకు ప్రత్యేక సెలవు మంజూరు చేసింది. మన పిల్లలలో కేంద్ర సర్వీసులో ఉన్నవారికి ఇది తెలియాలి.

నేను నేత్రదాన పత్రం మీద సంతకం చేశాను. మా ఆవిడ చేయలేదు. కళ్ళు లేకుండా సాగనంపితే వచ్చే జన్మలో చూపుండదని వాళ్ళ అమ్మమ్మ చెప్పిందట. మా పురోహితులను అడిగితే, అగ్నికి అర్పించేది దేహాన్నే గాని దాని లెక్కను కాదన్నారు. అప్పుడు ఆవిడ అసలు మాట బయటపెట్టింది. "మీ కళ్ళు మీ ఇష్టం. కానీ మీరు పోయిన పూట ఫోను చేయాల్సింది నేను. అప్పటికి నా చెయ్యి లేస్తుందో లేదో!"

ఈ మాటలో న్యాయం ఉంది. మనం ఎన్ని పత్రాలు రాసినా, ఆ గంటలో ఇంట్లోవారు వద్దంటే ఏ ఆసుపత్రీ ముందుకు రాదు. అందుకని ఆ ఫోను చేసే పని మా అబ్బాయికి అప్పగించాను. పత్రం నకలు పింఛను కాగితాల ఫైలులోనే పెట్టాను, ఎలాగూ ముందు వెతికేది దానినే. ఆవిడను మళ్ళీ అడగలేదు. అడగకుండా చూపులు తిప్పడం కూడా ఒక రకం బలవంతమేనని మా చెల్లెలి వల్ల తెలిసింది.

సభ్య మిత్రులు అవునన్నా, కాదన్నా, ఆ మాట ఆరోగ్యంగా ఉన్నప్పుడే పిల్లలను కూర్చోబెట్టుకుని చెప్పండి. ఐ.సి.యు. గుమ్మం ముందు నిలబడి మన మనసులో ఏముందో ఊహించుకోవలసిన కష్టం వాళ్ళకు మిగల్చకండి.