ఆపరేటింగ్ సిస్టం – యాంటీవైరస్: చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

కంప్యూటరుకు యాంటీవైరస్‌ను ఎంచుకోవడం పైకి ధరకూ, ప్రచారానికీ సంబంధించిన విషయంగా కనిపిస్తుంది. కానీ వైరస్ ఆపరేటింగ్ సిస్టంలోని ఏ మార్గం గుండా ప్రవేశిస్తుందో, రక్షణ సాధనం ఆ మార్గాన్నే కాపలా కాయాలి. ఈ రెండింటి చరిత్రను విడదీసి చూడలేమని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

వైరస్‌ల పరిధి

1982 నాటి ఎల్క్ క్లోనర్ ఆపిల్-2 ఫ్లాపీల ద్వారా వ్యాపించింది. 1986లో లాహోరులో పుట్టిన బ్రెయిన్ ఐబీఎం పీసీ ఫ్లాపీల బూట్ సెక్టారును ఆక్రమించింది. ఒకదానికోసం రాసిన కోడు రెండోదానిపై పనిచేయదు. 1998లో వెలువడిన సీఐహెచ్ విండోస్ 95, 98లను దెబ్బతీసింది. విండోస్ ఎన్‌టీని తాకలేకపోయింది. మొదటి రెండింటిలో మామూలు ప్రోగ్రాము కూడా కెర్నెల్‌లోకి చొరబడగలగడమే ఇందుకు కారణం. 1995 నాటి కాన్సెప్ట్ దీనికి భిన్నం. అది వర్డ్ పత్రాలలోని మాక్రోలను ఆశ్రయించినందువల్ల విండోస్, మ్యాక్ రెండింటిలోనూ వ్యాపించింది.

రక్షణలో మార్పు

ఆపిల్ 2009లో ఎక్స్‌ప్రొటెక్ట్‌ను, మైక్రోసాఫ్ట్ 2012లో విండోస్ 8తో పూర్తిస్థాయి డిఫెండర్‌ను తమ సిస్టంలలోనే అంతర్భాగం చేశాయి. అదే 2012లో ఫ్లాష్‌బ్యాక్ జావా లోపం ద్వారా సుమారు 6 లక్షల మ్యాక్‌లకు సోకి, మ్యాక్‌కు వైరస్ భయం లేదన్న నమ్మకాన్ని వమ్ము చేసింది. లినక్స్ మెయిల్ సర్వర్లలో క్లామ్‌ఏవీ వాడకం ఎక్కువగా ఆ సర్వర్ల కోసం కాదు. ఉత్తరాలందుకొనే విండోస్ యంత్రాల కోసం.

2017 మే నెలలో వన్నాక్రై ప్రపంచమంతటా విండోస్ కంప్యూటర్లను స్తంభింపజేసింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. ఆ లోపాన్ని సరిచేసే అప్‌డేట్ మార్చిలోనే వెలువడింది. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ రక్షణ సాధనపు లోపభూయిష్టమైన అప్‌డేట్ వల్ల సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు ఆగిపోయాయి. మ్యాక్, లినక్స్ యంత్రాలకు ఆ అప్‌డేట్ వల్ల హాని కలగలేదు. కెర్నెల్ దాకా ప్రవేశమున్న రక్షకుడు పొరబడితే యంత్రమే కూలుతుందని ఈ ఘటన చాటింది.

ముగింపు

ఏ వైరస్‌నైనా తప్పక పట్టగల ప్రోగ్రాము అసాధ్యమని ఫ్రెడ్ కోహెన్ 1980లలోనే నిరూపించాడు. కనుక ఎంపికలో మొదటి ప్రశ్న యాంటీవైరస్ పేరు కాదు. ఆపరేటింగ్ సిస్టం వెర్షన్‌కు అప్‌డేట్లు ఇంకా అందుతున్నాయా, అందులో అంతర్గత రక్షణ ఎంత, బయటి సాధనం ఆ వెర్షన్‌కు తగినదేనా అన్నవి వరుసగా తేల్చుకోవలసిన అంశాలు. అప్‌డేట్లు ఆగిన సిస్టంపై ఎంత ఖరీదైన యాంటీవైరస్ అయినా తలుపులేని ఇంటికి కాపలా వంటిదే.