నాంపల్లి మూటలు, అబిడ్స్ కుర్చీలు

నాంపల్లి రైల్వేస్టేషన్ 1907లో మొదలైంది. ట్రంకు పెట్టెలు, హోల్డాళ్లు కూలీల నెత్తికెక్కాయి. నెత్తిన బరువు మెడపూసలను నొక్కుతుంది. నడుం వంచి లేపిన పెట్టె భారమైతే నడుము దిగువ డిస్కుల మీద పడుతుంది. అబిడ్స్‌లో బాధ వేరు. అక్కడి పోస్టాఫీసులో, దుకాణాల్లో గంటలకొద్దీ బల్ల మీదికి వంగి కూర్చునే గుమాస్తాకు బరువెత్తకుండానే మెడ పట్టేస్తుంది.

కీలు తప్పితే హైదరాబాదీలు పహిల్వాన్‌ను వెతుక్కునేవారు. కుస్తీలో ఆరితేరిన చేతులే నూనె రాసి కీలు సరిచేసేవి. ఆంధ్ర ప్రాంతంలో ఆ పేరు పుత్తూరు కట్టుది: ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, పైన గుడ్డ. విరిగిన ఎముక కదలకూడదన్న సూత్రం సరైనదే. 1850ల్లో డచ్చి సైనిక వైద్యుడు మాథైసెన్ ప్లాస్టర్ కట్టుకూ అదే ఆధారం. చిక్కంతా బిగింపులో ఉంది. వాపు పెరిగేకొద్దీ కట్టు బిగుసుకుని రక్తం ఆడదు. వేళ్లు చల్లబడి నల్లబారితే తక్షణం విప్పాలి, లేదంటే కాలే పోవచ్చు.

1960లలో నిజాం ట్రస్టు చొరవతో పంజాగుట్టలో ఎముకల ఆసుపత్రి వెలిసింది. నేటి నిమ్స్ అదే.

నడుము నొప్పికి వారాల తరబడి మంచం పట్టించడం అప్పట్లో మామూలు. 1986లో అమెరికాలో వెలువడిన పరిశోధనలో రెండు రోజుల విశ్రాంతి ఏడు రోజుల విశ్రాంతికి తీసిపోలేదు. ఇప్పుడు వైద్యులు వీలైనంత నడవమంటారు. కాలు చచ్చుబడినా, మూత్రం పట్టు తప్పినా మాత్రం ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే.