అయిదవ పాలు: పీలమేడు ధర్మసంస్థకు నూరేండ్లు

కోయంబత్తూరు నగరమునకు తూర్పున, అవినాశి రహదారి వెంబడి నున్న పీలమేడు ఒకప్పుడు సాగుభూముల నడుమ నుండిన పల్లె. నేడది పాఠశాలలతో, కళాశాలలతో, వైద్యాలయముతో, యంత్రశాలలతో ఒక విద్యాపురమై విలసిల్లుచున్నది. ఈ పరిణామమునకు మూలమైన పి.ఎస్.జి. అండ్ సన్స్ చారిటీస్ అను ధర్మసంస్థ 1926లో స్థాపితమై, ఇప్పుడు శతాబ్దమును పూర్తిచేసికొన్నది. ఈ శుభసమయమున సంస్థాపకుల కీర్తిని స్మరించుట మనకు విధి. ఉన్నతవిద్య ఈ నూరేండ్లలో ఎవరెవరికి అందినదో, ఎవరికింకను చాలినంతగా అందలేదో విచారించుట అంతకంటె ముఖ్యమైన విధి.

విజయనగర ప్రభువుల కాలమునను, తదనంతరము మధుర నాయకుల కాలమునను దక్షిణమునకు తరలివచ్చిన తెలుగు కుటుంబములు కొంగునాటను, పాండ్యనాటను స్థిరపడి, బయట తమిళమును, ఇంట తెలుగును మాటలాడుచు తరతరములుగా జీవించుచున్నవి. దండుతో వచ్చినవారు, నాగలి పట్టినవారు, మగ్గము నేసినవారు, వర్తకము సాగించినవారు, తోలుపని చేసినవారు, అందరును ఆ వలసలో నుండిరి. 1529లో విశ్వనాథ నాయకునితో ఆరంభమైన మధుర నాయకరాజ్యము విద్యకు గొప్ప ఆశ్రయమిచ్చినది. 1610 ప్రాంతమున మధురయందున్న ఇటలీ దేశపు పాదిరి రాబర్ట్ డి నోబిలి, ఆ నగరమున పదివేలకు మించిన విద్యార్థులు శాస్త్రాధ్యయనము చేయుచుండిరనియు, వారందరును బ్రాహ్మణులే యనియు తన లేఖలో వ్రాసినాడు. పాలించినవాడు తెలుగువాడే, అయినను ఆ పాలనలో పొలము దున్నిన తెలుగువానికిని, కపిలబాన కుట్టిన తెలుగువానికిని ఆ విద్యాశాలలలో చోటు లేదు. ఒక రాజ్యము విద్వాంసులను పోషించుట వేరు, ప్రజలకు విద్య నందించుట వేరు అని ఈ చరిత్ర మనకు బోధించుచున్నది.

1857లో మద్రాసు విశ్వవిద్యాలయము వెలసిన పిమ్మట జాతిభేదమను అడ్డు చట్టమున తొలగినను, దూరమును, ధనమును కొత్త అడ్డులై నిలిచినవి. ఇంజనీరింగు నేర్వదలచిన కొంగునాటి యువకుడు మద్రాసునకు పోవలసినదే. అక్కడి భోజన వసతులకు ఇంటివారు పొలమమ్మవలసినదే. ఇంతలో 1888లో కోయంబత్తూరున తొలి నూలుమిల్లు నెలకొన్నది. 1930లలో పైకారా జలవిద్యుత్తు వచ్చిన మీదట మిల్లులు వేగముగా పెరిగినవి. కదురులను నడుపుటకు, మోటార్లను బాగుచేయుటకు, లేతుమీద ఇనుమును చెక్కుటకు చదువును చేతిపనియు రెండును తెలిసినవారు కావలసివచ్చిరి. అట్టివారిని తయారుచేయు విద్యాలయములు మాత్రము ఈ ప్రాంతమున లేకుండెను.

పీలమేడు వాస్తవ్యులగు పి.ఎస్. గోవిందస్వామి నాయుడుగారి నలుగురు కుమారులు చేసిన కార్యపు విలువ ఈ నేపథ్యమున చూచిననే తెలియును. వారు ఆస్తి పంచుకొనునపుడు దానిని అయిదు సమభాగములు చేసి, ధర్మమును అయిదవ కుమారునిగా నెంచి, ఒక భాగమును దానికి కేటాయించిరి. తినగా మిగిలినది దానమిచ్చుట లోకమున సాధారణము. వీరట్లుగాక, పంపకమునకు ముందే ధర్మమునకు వారసత్వపు హక్కు నిచ్చిరి. 1924లోనే పీలమేడున సర్వజన పాఠశాల ఆరంభమై యుండెను. 1926లో ధర్మసంస్థతోపాటు పారిశ్రామిక శిక్షణాలయము వెలసినది. 1939లో పాలిటెక్నిక్కు, 1947లో ఆర్ట్స్ కళాశాల, 1951లో ఇంజనీరింగు కళాశాల, 1985లో వైద్యకళాశాల క్రమముగా దానికి తోడైనవి. ఈ వరుసలో ఒక వివేకమున్నది. మొదట బడి, పిదప పనిముట్టు, ఆ పిదప డిప్లొమా, కడపట పట్టము. ఏ మెట్టున నిలిచినవానికైనను చేతిలో ఒక జీవనోపాధి యుండును. శక్తియు ఆసక్తియు గలవానికి పై మెట్టు అదే ఆవరణలో కనబడుచుండును.

ఇంజనీరింగు కళాశాలకు తొలి ప్రిన్సిపాలైన జి.ఆర్. దామోదరన్‌గారు ఈ వివేకమును విద్యావిధానముగా తీర్చిరి. తరగతిగదికి ఆనుకొని నిజమైన కర్మాగారము నడుచుచుండగా, పాఠమును పనియు మార్చిమార్చి సాగు శాండ్‌విచ్ కోర్సు అక్కడ నెలకొన్నది. పగలు మిల్లులలో ఉద్యోగము చేయువారికి సాయంకాలపు పట్టపు తరగతులును ఏర్పడినవి. కూలిడబ్బు మానుకొని చదువుకొనలేని యింటికి ఇట్టి ఏర్పాటులు ఎంతటి ఆదరువో అట్టి యింట పుట్టినవారికే తెలియును. విజ్ఞానశాస్త్రము ఆంగ్లమునకే పరిమితము కారాదని తలచి ఆయన కలైక్కదిర్ అను తమిళ మాసపత్రికను స్థాపించిరి. తెలుగింట పుట్టి, తన చుట్టునున్న జనుల భాషలో శాస్త్రమును పంచిన ఆ ఔదార్యము మన వలసజీవనమునకే ఒక అలంకారము. తరువాత ఆయన మద్రాసు విశ్వవిద్యాలయమునకు ఉపకులపతులైరి.

ఈ పుణ్యము ఒక్క ధర్మసంస్థకే చెల్లినది కాదు. బడిచదువు సరిగా సాగకున్నను యంత్రవిద్యలో అసాధారణ ప్రజ్ఞ సంపాదించిన జి.డి. నాయుడుగారి పూనికతో 1945లో పీలమేడున ఆర్థర్ హోప్ సాంకేతిక కళాశాల వెలసినది. అది ప్రభుత్వ కళాశాలయై వేరుచోటికి తరలినను, ఆ బస్సు నిలుపుచోటికి హోప్స్ కాలేజ్ అను పేరు నేటికిని నిలిచియున్నది. 1956లో కోయంబత్తూరు ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీయు, ఆడపిల్లల చదువునకై 1963లో జి.ఆర్. గోవిందరాజులు, చంద్రకాంతి దంపతుల చొరవతో కృష్ణమ్మాళ్ మహిళా కళాశాలయు స్థాపితములైనవి. మధురలో 1966లో విశ్వవిద్యాలయము వచ్చిన పిమ్మట, 1974లో పసుమలైయందు మన్నర్ తిరుమలై నాయకర్ కళాశాల వెలసి, ఆ పరిసర గ్రామముల పిల్లలకు పట్టవిద్యను చేరువ చేసినది.

దాతృత్వమునకు అందని దూరములు కొన్ని గలవు. అక్కడికి శాసనమే పోవలెను. వైద్య, ఇంజనీరింగు కళాశాలలలో సీట్లను వర్గములవారీగా పంచిన మద్రాసు ప్రభుత్వాజ్ఞ 1951లో సుప్రీంకోర్టున చెల్లకపోగా, ఆ యేడే రాజ్యాంగమునకు మొదటి సవరణ వచ్చి వెనుకబడినవారికి ప్రత్యేక సదుపాయములు కల్పించు అధికారమును ప్రభుత్వములకిచ్చినది. తమిళనాట 2007 మొదలు ఇంజనీరింగు ప్రవేశపరీక్ష తొలగినది; 2010లో ఇంటికి మొదటి పట్టభద్రులగువారికి రుసుము రాయితీ వచ్చినది; ప్రభుత్వ పాఠశాలలలో చదివి పైచదువునకు వచ్చిన మగపిల్లలకు నెలకు వేయి రూపాయలిచ్చు తమిళ్ పుదల్వన్ పథకము 2024 ఆగస్టులో మన కోయంబత్తూరు ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాలయందే ఆరంభమైనది.

ఇన్ని జరిగినను, మన తెలుగు బంధువులలోనే ఒక జనము చిరకాలము ద్వారము వెలుపల నిలిచినది. కోయంబత్తూరు, మధుర ప్రాంతములలో వీధులు ఊడ్చుచు, మురుగుకాలువలు శుభ్రపరచుచు, తోలుపని చేయుచు బ్రతికిన అరుంధతీయులలో పెక్కుమంది ఇంటిభాష తెలుగే. వారి పక్షమున ఎల్.సి. గురుస్వామిగారు గత శతాబ్దపు తొలి దశకములలోనే మద్రాసున రాత్రిబడులు పెట్టి, శాసనమండలిలో గళమెత్తిరి. షెడ్యూల్డు కులములకు గల 18 శాతమునందు వీరికి 3 శాతము ప్రత్యేకించిన చట్టము 2009లో, జస్టిస్ జనార్దనం సంఘపు సిఫారసు మీదట వచ్చినది. ప్రైవేటు విద్యాసంస్థలకును అది వర్తించును. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఇట్టి ఉపవర్గీకరణ రాజ్యాంగసమ్మతమని తీర్పు చెప్పినది.

చట్టము సీటు నియ్యగలదు. సీటు దక్కిన బిడ్డ నాలుగేండ్లు నిలిచి చదువుటకు కావలసినది మనమే సమకూర్పవలెను. పారిశుద్ధ్య కార్మికుల కాలనీలో పుట్టిన బాలికకు వసతిగృహములో చోటును, మొదటి యేట ఆంగ్లమునందును గణితమునందును చేయూతయు, రుసుము కట్టు గడువునాడు చేబదులు వెదకనక్కరలేని సాయమును, చదువు ముగిసిన పిదప మన మిల్లులలో, మన కర్మాగారములలో అర్హతకు తగిన ఉద్యోగమును లభింపవలెను. మిల్లులును, ఫౌండ్రీలును, పంపుసెట్ల కర్మాగారములును మన చేతులలో నుండగా ఇది అసాధ్యమని ఎవరనగలరు? ఒకే భాషను ఇంట మాటలాడుకొను రెండు కుటుంబములలో ఒకటి కళాశాలలు కట్టుచుండగా, రెండవది ఆ కళాశాలల వీధి నూడ్చుచు తరతరములు గడుపుట మనకు గౌరవము కాదు.

శతజయంతిని మనమొక సంకల్పముతో జరుపుకొందము. ఈ రెండు నగరములలోను తెలుగువారు నడుపు ప్రతి విద్యాసంస్థయు, చట్టము విధించిన కనిష్ఠముతో తృప్తిపడక, కాలనీలలోని ఉన్నత పాఠశాలలకు తన అధ్యాపకులను పంపి, చేరిన ప్రతి పిల్లవాడును పట్టముతో బయటికి వచ్చువరకు బాధ్యత వహింపవలెను. ఎందరు చేరిరో, ఎందరు ముగించిరో యేటేట ప్రకటింపవలెను. 1926లో నలుగురు అన్నదమ్ములు ధర్మమునకు ఇచ్చిన అయిదవ పాలు నేడు ఈ బిడ్డలకు చెందవలసిన పాలు. దానిని వారికి అప్పగించుట మన బాకీ తీర్చుకొనుటయే.