పాత మందుల పునరాగమనము

కమాన్‌పూర్, గోదావరిఖని ప్రాంతముల పెద్దలకు తెలిసిన సంగతియే. పూర్వము బొగ్గుబావులలో పైకప్పు కూలకుండుటకై విడిచిన బొగ్గు స్తంభములను, తరువాతి కాలమున కొన్నిచోట్ల ఓపెన్‌కాస్టు పద్ధతిని పైనేల తొలగించి త్రవ్వుకొనిరి. ఒకప్పుడు విడిచినది మరియొకప్పుడు అక్కరకు వచ్చినది. వైద్యమునందును ఇట్టి చరిత్ర కలదు. అందు ఒక తెలుగువాని కృషియు కలదు.

1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాకు వెళ్లి, 1940లో లెడర్లీ సంస్థయందు చేరి, పిమ్మట పరిశోధనాధిపతులైరి. వారి పర్యవేక్షణమున బెంజమిన్ డగ్గర్ అను వృద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు నానాప్రదేశముల మట్టిని తెప్పించి పరీక్షించుచు, మిస్సోరీ రాష్ట్రపు పొలముమట్టియందు పసిడివన్నె గల యొక సూక్ష్మజీవిని కనుగొనెను. దానినుండి లభించిన ఆరియోమైసిన్, టెట్రాసైక్లిన్ మందుల వంశమునకు మొదటిది. 1948లో అది లోకమునకు వెల్లడియయ్యెను. ఆ యేటనే ఆగస్టులో సుబ్బారావుగారు పరమపదించిరి.

ఆ మందును మనుష్యులకే గాక పశువుల మేతలోను విరివిగా వాడిరి. మందునకు చావని కొలదిపాటి జీవులు మిగిలి, అవియే పెరిగి, ఎదిరించు నేర్పును తోటిజీవులకు పంచెను. క్రొత్త మందులు రాగా పాతవి మూలబడెను. 1950 ప్రాంతమున జపాను దేశమున వెలువడిన కొలిస్టిన్ సయితము, మూత్రపిండములకు కీడు చేయుటచే 1970 తరువాత అరుదయ్యెను.

పిమ్మట క్రొత్త మందులకును లొంగని జీవులు ఆసుపత్రులలో బయలుదేరగా, వైద్యులు పాతవానిని మరల వెదకిరి. టెట్రాసైక్లిన్ వంశపు మినోసైక్లిన్‌ను, కొలిస్టిన్‌ను ప్రాణాపాయవేళల తిరిగి చేపట్టిరి. పాతమందునకు బలము పెరిగి కాదు. కొన్ని మొండిజీవులు దానిని ఎదిరించు నేర్పును ఇంకను పొందకుండుటయే కారణము. కీడు తొలగిపోలేదు గనుక, మూత్రపిండముల స్థితిని కనిపెట్టుచు కొలిస్టిన్‌ను కొలత తప్పక ఇయ్యవలెను.

ఈ నిలువయు తరుగునదే. కొలిస్టిన్‌ను ఎదిరించు గుణము ఒక జీవినుండి వేరొక జీవికి సంక్రమించునని 2015లో చీనాదేశమున వెల్లడియయ్యెను. 2019లో భారత ప్రభుత్వము ఆహారమునకై పెంచు పశువులకు, కోళ్లకు దాని వాడుకను నిషేధించెను.

జలుబునకు ఈ మందులు పనిచేయవు. వైద్యుడు వ్రాయకుండ అంగడిలో కొనుట, ఒకరికి మిగిలిన మాత్రలను మరియొకరికి ఇచ్చుట, కోళ్లమేతలో కలుపుట — వీనిని మాన్పించుటకు ఊరి పెద్దల మాట చాలును. నేడు వృథాచేసిన మందు, రేపు మన మనుమని ప్రాణము మీదికి వచ్చిననాడు పనిచేయకపోవచ్చును.