పిల్లలతో వన్యప్రాణి పడవ విహారం: జంతువు కనిపించిన క్షణమే అసలు పరీక్ష

శీతకాలం మొదలై వలస పక్షులు రాగానే దేశంలోని సరస్సులు, నదీముఖాలు, మడ అడవుల రేవులు సందర్శకులతో నిండిపోతాయి. ఒడిశాలోని చిలికా సరస్సులో డాల్ఫిన్లను, భితర్‌కనికలో ఉప్పునీటి మొసళ్లను, కాకినాడ సమీపంలోని కోరింగ మడ అడవుల్లో నీటిపక్షులను చూపించాలని తల్లిదండ్రులు చిన్నపిల్లలను వెంటబెట్టుకొని పడవ ఎక్కుతారు. పుస్తకంలో బొమ్మగా చూసిన ప్రాణిని దాని సొంత నీటిలో చూడటం పసివయసులో మరపురాని అనుభవం. అయితే ఈ విహారానికి మామూలు పడవ ప్రయాణానికి లేని ఒక ప్రత్యేకమైన అపాయం ఉంది. అందరూ ఎదురుచూసే క్షణం, అంటే జంతువు కనిపించిన క్షణమే, పడవకు అత్యంత ప్రమాదకరమైన క్షణం కావచ్చు.

తేక్కడి నేర్పిన పాఠం

కేరళలోని పెరియార్ పులుల అభయారణ్యంలో తేక్కడి జలాశయం ఉంది. ముల్లపెరియార్ ఆనకట్ట వల్ల ఏర్పడిన ఈ జలాశయం ఒడ్డుకు ఏనుగులు, అడవిదున్నలు, జింకలు నీటికోసం వస్తాయి. వాటిని పడవలోంచి చూడటం అక్కడి ప్రధాన ఆకర్షణ. 2009 సెప్టెంబరు 30న అక్కడ పర్యాటకుల పడవ బోల్తాపడి 45 మంది మరణించారు. మృతుల్లో చిన్నపిల్లలు కూడా ఉన్నారు. ఒడ్డున కనిపించిన జంతువులను చూసేందుకు ప్రయాణికులు ఒక్కసారిగా ఒకే పక్కకు చేరడంతో పడవ ఒరిగిపోయిందని అప్పటి వార్తలు తెలిపాయి. పడవ నిర్మాణంలోని లోపాలు కూడా ఆ తరువాత చర్చకు వచ్చాయి.

దీనికి కారణం సులభంగానే అర్థమవుతుంది. పడవ నిలకడ దానిలోని బరువు ఎక్కడ ఉందన్న దానిపై ఆధారపడి ఉంటుంది. కూర్చున్న మనిషి బరువు కిందికి ఉంటే, నిలబడిన మనిషి బరువు పైకి జరుగుతుంది. పదిమంది నిలబడి ఒకే అంచుకు చేరితే ఆ అంచు నీటికి దగ్గరవుతుంది, ఒరుగుదల పెరిగేకొద్దీ నిలబడినవారు ఇంకా అదే పక్కకు జారుతారు. పై అంతస్తు ఉన్న పడవల్లో ఈ ముప్పు మరీ ఎక్కువ. అందువల్ల ‘అదిగో’ అన్న కేక వినిపించినప్పుడు లేచి నిలబడకుండా కూర్చున్నచోటి నుంచే చూడటం ఈ విహారంలో మొదటి నియమం. పిల్లలకు ఈ నియమం రేవులోనే, పడవ ఎక్కక ముందే చెప్పాలి. పెద్దలు పాటిస్తేనే వారూ పాటిస్తారు.

ఇటీవలి ప్రమాదాలు మరో రెండు లోపాలను బయటపెట్టాయి. 2023 మే 7న కేరళలోని తానూరు వద్ద పరిమితికి మించి జనాన్ని ఎక్కించుకున్న విహార పడవ మునిగి 22 మంది చనిపోయారు. వారిలో సగానికి పైగా పిల్లలే. 2024 జనవరి 18న గుజరాత్‌లోని వడోదరలో హర్ణీ చెరువులో పడవ బోల్తాపడి 12 మంది విద్యార్థులు, ఇద్దరు ఉపాధ్యాయులు మరణించారు. అక్కడ కూడా పడవ సామర్థ్యానికి మించి ఎక్కించారు. చాలామందికి లైఫ్ జాకెట్లు లేవు. తెలుగువారికి 2019 సెప్టెంబరు 15 నాటి కచ్చులూరు దుర్ఘటన ఇంకా గుర్తే. గోదావరి వరద ఉధృతిలో పాపికొండలకు బయలుదేరిన ఆ పడవ నుంచి 26 మంది మాత్రమే ప్రాణాలతో బయటపడ్డారు.

పడవ ఎక్కే ముందు

2021 నాటి అంతర్దేశీయ నౌకల చట్టం ప్రకారం యంత్రంతో నడిచే పడవలకు రిజిస్ట్రేషను, తనిఖీ ధ్రువపత్రం తప్పనిసరి. ఎంతమందిని ఎక్కించవచ్చో పడవపై రాసి ఉందో లేదో చూడాలి. చంకలోని పిల్లలను లెక్కలోకి తీసుకోకపోవడం చాలా రేవుల్లో కనిపించే అలవాటు. కానీ పసిబిడ్డ కూడా ఒక ప్రయాణికుడే, అతడికీ ఒక జాకెట్ కావాలి.

జాకెట్ విషయంలో పరిమాణమే ప్రధానం. పెద్దవారి జాకెట్ తొడిగిన పిల్లవాడు నీటిలో పడితే జాకెట్ పైకి తేలి ముఖాన్ని కప్పేస్తుంది, లేదా పిల్లవాడు దానిలోంచి కిందికి జారిపోతాడు. సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. తాళ్లు, బకిల్సు బిగించాక భుజాల దగ్గర జాకెట్‌ను పట్టుకొని పైకి లాగాలి. అది గడ్డం దాటి చెవుల వరకు వస్తే ఆ జాకెట్ పనికిరాదు. చిన్నపిల్లల జాకెట్‌కు తొడల మధ్యనుంచి బిగించే పట్టీ, తలను నీటిపైన నిలిపే కాలరు ఉండటం మేలు. రేవులో పిల్లల కొలత జాకెట్లు లేకపోవడం తరచూ జరిగే విషయమే కనుక, ఇలాంటి ప్రయాణాలు చేసే కుటుంబాలు సొంతంగా ఒకటి కొని ఉంచుకోవడం ఉత్తమం.

దాదాపు 8 కిలోల బరువైనా రాని శిశువులకు జాకెట్ సరిగా అమరదు. ఆ వయసు బిడ్డలను పడవ ఎక్కించకపోవడమే మంచిది. బిడ్డను చీరతోనో, చున్నీతోనో తల్లి ఒంటికి కట్టుకోవడం భద్రత అనిపిస్తుంది గాని, పడవ బోల్తాపడితే ఆ కట్టు ఇద్దరినీ ముంచుతుంది. బిడ్డను పడవకు కట్టడం అంతకంటే ప్రమాదం. ఒక్కో చిన్నపిల్లవాడికి ఒక్కో పెద్దమనిషి బాధ్యత వహించే ఏర్పాటు ముందే చేసుకోవాలి. ‘అందరూ చూస్తున్నారులే’ అనుకున్నచోటే ఎవరూ చూడకపోవడం జరుగుతుంది.

ఏ వయసుకు ఏ విహారం

అయిదేళ్లలోపు పిల్లలకు గంటల తరబడి సాగే ప్రయాణాలు సరిపడవు. కర్ణాటకలో శ్రీరంగపట్నం దగ్గర కావేరిపై ఉన్న రంగనతిట్టు పక్షుల అభయారణ్యంలో పడవ విహారం కొద్ది నిమిషాల్లోనే పూర్తవుతుంది. 1940లో ఏర్పడిన ఈ అభయారణ్యంలో కొంగల గూళ్లు, బండలపై ఎండ కాగే మొసళ్లు దగ్గరగానే కనిపిస్తాయి. నదిలో నీటి ఉధృతి పెరిగితే అక్కడ పడవలు నిలిపివేస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో కొల్లేరు అంచున, కైకలూరు సమీపంలోని ఆటపాకలో గూడబాతులను చూడటం కూడా పసివారికి అనువైనదే.

కోరింగలో మడ అడవుల కాలువల గుండా సాగే పడవకు ఆటుపోట్లే గడియారం. పాటు సమయంలో బురదగట్లపై పక్షులు ఎక్కువగా కనిపిస్తాయి గాని, నీరు తగ్గిన కాలువలో పడవ నిలిచిపోవచ్చు. సమయం విషయంలో అటవీ సిబ్బంది మాట వినడం అవసరం. అక్కడ నివసించే బావురుపిల్లి, నీటికుక్క అందరికీ కనిపించవు. పడవ ఎక్కలేని పిల్లలకు మడ చెట్ల మధ్య వేసిన చెక్క వంతెన మీద నడక చక్కని ప్రత్యామ్నాయం.

భితర్‌కనికకు పెద్దపిల్లలతో వెళ్లడం మేలు. అక్కడి ఉప్పునీటి మొసళ్లు సుమారు 1,800 వరకు ఉన్నాయి. అవి గుడ్లు పెట్టే కాలం కనుక మే నుంచి జూలై వరకు ఆ జాతీయ ఉద్యానంలోకి సందర్శకులను అనుమతించరు. పడవ అంచుపైనుంచి చేతులు, కాళ్లు నీటిలోకి జార్చకూడదన్న నియమానికి అక్కడ మినహాయింపు ఉండదు.

ఎండ, గాలి, కడుపులో వికారం

నీటిమీద ఎండ పైనుంచే కాదు, కిందినుంచి ప్రతిఫలించి కూడా తగులుతుంది. ఉదయపు తొలి గంటల విహారం పిల్లలకూ మంచిది, పక్షులూ అప్పుడే ఎక్కువగా కదులుతాయి. గాలికి ఎగిరిపోకుండా గడ్డం కింద కట్టే టోపీ, పొడుగు చేతుల నూలు చొక్కా, తాగునీరు, ఒక జత పొడి బట్టలు వెంట ఉండాలి. ఎగిరిపోయిన టోపీకోసం పిల్లవాడు వంగడం ప్రమాదాలకు ఒక సాధారణ కారణం.

రెండేళ్ల నుంచి పన్నెండేళ్ల వయసు పిల్లల్లో ప్రయాణపు వికారం ఎక్కువగా కనిపిస్తుంది. బయలుదేరే ముందు నూనె పదార్థాలు, నిండు భోజనం వద్దు. ఇడ్లీ వంటి తేలికపాటి ఆహారం చాలు. పడవ మధ్యభాగంలో కుదుపు తక్కువ కాబట్టి అక్కడ కూర్చోబెట్టి, దూరంగా ఉన్న గట్టును చూడమనాలి. ఫోను తెరపై చూపు నిలిపితే వికారం పెరుగుతుంది. మందులు వైద్యుల సలహాతోనే ఇవ్వాలి.

దగ్గరికి పోనీయమనడం ఎవరికి మంచిది?

చిలికాలోని ఇరావతి డాల్ఫిన్ అంతరించే ప్రమాదంలో ఉన్న జీవి. ఆ సరస్సులో వాటి సంఖ్య కొద్ది వందలకు మించదు. గుండ్రని తల, చిన్న వీపు రెక్క ఉన్న ఈ డాల్ఫిన్ టెలివిజన్‌లో చూసినట్లు గాలిలోకి ఎగరదు. ఊపిరి కోసం క్షణకాలం పైకి వచ్చి మళ్లీ మునుగుతుంది. ఈ సంగతి పిల్లలకు ముందే చెబితే నిరాశ ఉండదు. బీహారు, ఉత్తరప్రదేశ్ నదుల్లోని గంగా డాల్ఫిన్ విషయంలో చూపుకంటే వినికిడే ముఖ్యం. ఊపిరి విడిచే శబ్దాన్ని బట్టే జనం దానిని ‘సూసూ’ అంటారు. 2025లో కేంద్రం విడుదల చేసిన గణన ప్రకారం దేశంలోని నదీ డాల్ఫిన్లు 6,327.

డాల్ఫిన్లు శబ్దతరంగాల సాయంతో దారి, ఆహారం కనుగొంటాయి. ఇంజన్ల హోరు వాటిని కలవరపెడుతుంది. ప్రొపెల్లరు రెక్కలు గాయపరుస్తాయి. సరంగు తరచూ తనంతట తాను వాటిని తరమడు. ‘ఇంకొంచెం దగ్గరికి పోనీయవయ్యా, పిల్లలు చూడలేదు’ అన్న ఒత్తిడి, అదనంగా ఇచ్చే డబ్బు అతడిని ఆ పనికి పురికొల్పుతాయి. వేగంగా మలుపు తిప్పిన పడవలో పిల్లలు పట్టుతప్పుతారు. ఇంజను ఆపి, మౌనంగా, దూరంగా వేచి ఉన్న పడవలో ప్రాణికీ భయం లేదు, పిల్లలకూ ముప్పు లేదు. రెండు భద్రతలకూ కావలసిన నడవడి ఒక్కటే.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అభయారణ్యంలో జంతువులను వేధించడాన్ని, చెత్త వేయడాన్ని నిషేధిస్తోంది. పక్షులకు కారప్పూస, చిప్స్ విసరడం పిల్లలకు సరదాగా ఉన్నా వాటి ఆరోగ్యానికి హానికరం. పైగా ఆ పక్షుల గుంపుకోసం అందరూ ఒకే అంచుకు చేరడం పడవకూ మంచిది కాదు.

ప్రమాదం జరిగితే

నీటిలో పడిన పిల్లవాడి వైపు తాడు, తెడ్డు, తేలే వస్తువు ఏదైనా అందించాలి. ఈత రానివారు దూకరాదు. బయటకు తీసిన పిల్లవాడిని తలకిందులుగా పట్టుకోవడం, పొట్ట నొక్కి నీరు కక్కించడం తప్పు. ఊపిరి లేకపోతే ముందు నోటితో శ్వాస అందించి, ఆ తరువాత ఛాతీపై ఒత్తిళ్లు ఇవ్వాలి. తేరుకున్నట్లు కనిపించినా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అత్యవసర సహాయానికి 112, సముద్రతీరంలో తీరరక్షక దళానికి 1554 నంబర్లు ఉన్నాయి.

నీటమునిగి ప్రపంచవ్యాప్తంగా ఏటా సుమారు 3 లక్షల మంది మరణిస్తున్నారని, వారిలో దాదాపు నాలుగోవంతు అయిదేళ్లలోపు పిల్లలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఈ మరణాలపై అవగాహన కోసం బంగ్లాదేశ్, ఐర్లాండ్ చొరవతో ఐక్యరాజ్య సమితి 2021లో జూలై 25ను ప్రత్యేక దినంగా ప్రకటించింది.

గాలి ఎక్కువగా ఉన్నా, పిల్లల జాకెట్ దొరకకపోయినా, పడవలో జనం మించినా రేవు నుంచే వెనుదిరగడం తల్లిదండ్రుల చేతిలోని నిర్ణయం. పిల్లవాడు కాసేపు ఏడవవచ్చు. ఆ డాల్ఫిన్ మాత్రం మరో ఉదయం కూడా అదే నీటిలో ఉంటుంది.