పన్నెండు రూపాయల భోజనం: పేదరిక గీత – పాలకుల అనుభవ పరిధి

దేశంలో పేదలు 37.2 శాతం నుంచి 21.9 శాతానికి తగ్గారని 2013 జులైలో ప్రణాళికా సంఘం ప్రకటించింది. ఆ లెక్కను వెనకేసుకొస్తూ కాంగ్రెస్ నేత రాజ్‌బబ్బర్ ముంబైలో పన్నెండు రూపాయలకే కడుపునిండా భోజనం దొరుకుతుందన్నారు. ఢిల్లీలో ఐదు రూపాయలు చాలన్నారు రషీద్ మసూద్. ఫరూఖ్ అబ్దుల్లా ఒక్క రూపాయి దగ్గరికి దించారు. పేదరిక గీతపై సాగిన పండిత చర్చ ఈ మాటలను నోటిజారుళ్ల ఖాతాలో వేసి ముందుకు సాగిపోయింది. అవి జారిన మాటలు కావు, ఆ నేతలకు తెలిసిన ధరలే అన్నది ఈ వ్యాస ప్రతిపాదన.

ప్రణాళికా సంఘం లెక్కకు ఆధారమైన టెండుల్కర్ సంఘం గీతను గట్టిగా సమర్థించిన ఆర్థికవేత్త అరవింద్ పనగరియా వాదం సుపరిచితం: గీతను పెంచితే ఉన్న కొద్ది నిధులూ పలచబడి నిరుపేదలే నష్టపోతారు. కాగితం మీద ఇది చక్కని తర్కమే. అయితే పట్టణంలో రోజుకు 32 రూపాయలు, పల్లెలో 26 రూపాయలు అన్న లెక్క 2011లో సుప్రీంకోర్టుకు చేరింది ఆహార హక్కు కేసులోనే. రేషన్ కార్డుతో ముడిపడిన అంకెను కేవలం కొలబద్ద అంటే ఎలా? అద్దె, మందులు, బస్సు ఛార్జీ అన్నీ ఆ ముప్పై రెండులోనే ఇమడాలి.

ఈ తగువు కొత్తది కాదు. ఫరూఖాబాద్ ఉప ఎన్నికలో గెలిచి లోక్‌సభలో అడుగుపెట్టిన రామ్‌మనోహర్ లోహియా 1963 ఆగస్టులో, నెహ్రూ ప్రభుత్వంపై కృపలానీ పెట్టిన అవిశ్వాస తీర్మానం మీద మాట్లాడుతూ, 27 కోట్ల మంది రోజుకు మూడణాలతో బతుకుతున్నారన్నారు. కాదు, పదిహేను అణాలన్నారు నెహ్రూ. గుల్జారీలాల్ నందా ఏడున్నర అణాల లెక్క తీశారు. నెహ్రూ చెప్పింది సగటు. కూలివాడి మూడణాలనూ మిల్లు యజమాని వేలనూ కలిపి భాగిస్తే వచ్చేది. ప్రధాని మీద రోజుకు పాతికవేలు ఖర్చవుతోందని లోహియా ఎత్తిపొడిచింది అందుకే. పాలకుడు ఎక్కడ నిలబడి లెక్కపెడుతున్నాడో చూడమన్నారు. మన అర్థశాస్త్ర గ్రంథాల్లో ఈ ఘట్టం మహా అయితే ఒక పాదసూచిక.

పార్లమెంటు క్యాంటీన్ మరో సాక్ష్యం. 2021 వరకు ఎంపీలు అక్కడ రాయితీ ధరకే తిన్నారు. హైదరాబాద్‌లో 2014లో మొదలైన ఐదు రూపాయల భోజనమూ మిగతా ఖర్చు నగరపాలక సంస్థ భరిస్తేనే నడిచింది. ఖజానా భరిస్తే తప్ప పుట్టని ధరను నేతలు బజారు ధర అనుకున్నారు.

సంపన్న సినీతార ఎన్టీ రామారావే 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం ఇచ్చారన్న అభ్యంతరం ఉంది గానీ, ఒక్క మినహాయింపుతో సూత్రం చెదరదు.

అభ్యర్థుల ప్రమాణపత్రాలను విశ్లేషించే ఏడీఆర్ సంస్థ లెక్కల్లో 2009 లోక్‌సభలో కోటీశ్వరులు 58 శాతం, 2024లో 93 శాతం. గుంటూరు నుంచి గెలిచిన పెమ్మసాని చంద్రశేఖర్ ప్రకటించిన కుటుంబ ఆస్తులు 5,700 కోట్లు దాటాయి. ఇలాంటి సభ గీసే ఏ గీతా పేదవాడి ఖర్చును పట్టుకోలేదు. రంగరాజన్ సంఘం 2014లో గీతను రోజుకు పల్లెలో 32, పట్టణంలో 47 రూపాయలకు పెంచితే పేదలు 29.5 శాతమని తేలింది. ఆ నివేదికను ప్రభుత్వం ఆమోదించనే లేదు.