జోనింగ్ బహిరంగ విచారణ: న్యూయార్క్ కథ

నగరంలో ఏ వీధిలో ఇళ్లు కట్టాలి, ఎక్కడ దుకాణాలు పెట్టుకోవచ్చు, ఎన్ని అంతస్తులు లేపవచ్చు అని చెప్పే నిబంధనలే జోనింగ్. వాటిని మార్చే ముందు అధికారులు జనాన్ని పిలిచి, అందరి ఎదుటా వాళ్ల మాట విని, రికార్డు చేసుకోవాలి. దాన్నే జోనింగ్ బహిరంగ విచారణ అంటారు. పేరులో విచారణ ఉన్నా కోర్టులో మాదిరి వాది, ప్రతివాది, ప్రమాణం చేయడాలు ఉండవు. ఎవరైనా వచ్చి మాట్లాడవచ్చు. నిర్ణయం మాత్రం వేదిక మీద కూర్చున్నవాళ్లదే. ఈ రెండింటి మధ్య ఎంత దూరం ఉండాలన్న దాని మీదే న్యూయార్క్‌లో వందేళ్లకు పైగా పేచీ నడుస్తోంది.

మన్‌హట్టన్ దక్షిణ కొసన, 120 బ్రాడ్‌వేలో 1915లో ఈక్విటబుల్ బిల్డింగ్ పూర్తయింది. రోడ్డు అంచు నుంచి ఎక్కడా వెనక్కి తగ్గకుండా నిట్టనిలువుగా 160 మీటర్లకు పైగా లేచిన కట్టడం అది. దాని నీడ ఏడెకరాల మేర పడుతుందని లెక్కగట్టారు. చుట్టుపక్కల భవనాల యజమానులు వెలుతురు పోయింది, అద్దెలు పడిపోతున్నాయి అని గోల పెట్టారు. ఫిఫ్త్ అవెన్యూ వర్తకుల బాధ వేరు. కుట్టు కార్ఖానాలు తమ వీధి దాకా పాకి వచ్చాయని, మధ్యాహ్నం భోజనం వేళ వలస కార్మికులు కాలిబాటలు నింపేస్తుంటే గిరాకీ దెబ్బతింటోందని వాళ్ల ఫిర్యాదు. ఎడ్వర్డ్ బాసెట్ అనే న్యాయవాది అధ్యక్షతన కమిషన్ కూర్చుని, విచారణలు జరిపి ముసాయిదా రాసింది. 1916 జులై 25న జోనింగ్ తీర్మానం ఆమోదం పొందింది. అమెరికాలో ఒక నగరమంతటికీ వర్తించిన తొలి సమగ్ర జోనింగ్ నియమావళి ఇదే. అంటే గాలీ వెలుతురూ కావాలన్న న్యాయమైన కోరికా, ఫలానావాళ్లు మా వీధిలో కనపడకూడదన్న పట్టింపూ ఒకే కాన్పులో పుట్టాయి. విచారణ గదుల్లో నేటికీ రెండూ వినిపిస్తాయి, చాలాసార్లు ఒకే నోటి నుంచి.

దేశమంతటికీ ఈ పద్ధతి పాకింది కేంద్ర వాణిజ్య శాఖ వల్ల. హెర్బర్ట్ హూవర్ ఆ శాఖ చూస్తున్న రోజుల్లో, 1924లో, రాష్ట్రాలు వాడుకోవడానికి ఒక నమూనా చట్టం అచ్చు వేయించారు. బాసెట్ దాని రూపకర్తల్లో ఒకరు. బహిరంగ విచారణ జరపకుండా ఏ జోనింగ్ నిబంధనా అమలులోకి రాకూడదని, తేదీ, స్థలం కనీసం 15 రోజుల ముందు పత్రికలో ప్రకటించాలని అందులో ఉంది. మార్పు తగిలే చోట 20 శాతం భూమి యజమానులు రాతపూర్వకంగా వ్యతిరేకిస్తే పాలకవర్గంలో నాలుగింట మూడు వంతుల ఓటు కావాలని మరో నిబంధన పెట్టారు. ఈ రెండో హక్కు అద్దెకున్నవాళ్లకు ఇవ్వలేదు. 1926 నవంబరులో యూక్లిడ్ అనే ఊరి కేసులో సుప్రీంకోర్టు జోనింగ్ రాజ్యాంగబద్ధమేనని తేల్చడంతో ఊరూరా ఇలాంటి చట్టాలు వచ్చాయి.

చట్టంలో విచారణ ఉన్నంత మాత్రాన వినడం ఉన్నట్టు కాదని 1968 ఏప్రిల్ 10న అందరికీ తెలిసొచ్చింది. దిగువ మన్‌హట్టన్‌ను చీల్చుకుంటూ వేయదలచిన ఎక్స్‌ప్రెస్‌వే మీద రాష్ట్ర రవాణా శాఖ సీవార్డ్ పార్క్ హైస్కూల్లో విచారణ పెట్టింది. అది జోనింగ్ విచారణ కాదు గానీ తంతు అదే. మైకును అధికారుల వైపు కాకుండా సభికుల వైపు తిప్పి పెట్టారు. మాట్లాడేవాళ్లు అధికారులకు వీపు చూపిస్తూ తమ గోడు తమ పక్కింటివాళ్లకే చెప్పుకోవాలన్నమాట. నగరాల మీద పుస్తకాలు రాసిన జేన్ జేకబ్స్ ఈ సంగతే ఎత్తిచూపి, నిరసనగా జనంతో పాటు వేదిక ఎక్కి నడిచారు. ఆ తోపులాటలో స్టెనోగ్రాఫర్ యంత్రంలోని కాగితపు చుట్ట విడిపోయి నేలపాలైంది. రికార్డు లేదు కాబట్టి విచారణ జరగనట్టేనని ఆమె ప్రకటించారు. పోలీసులు అరెస్టు చేశారు. మరుసటి ఏడాది ఆ రోడ్డు ప్రతిపాదనే అటకెక్కింది.

1975లో నగర చార్టర్‌ను సవరించి 59 కమ్యూనిటీ బోర్డులకు భూవినియోగంలో పాత్ర కల్పించారు. ఒక్కో బోర్డులో 50 మంది వరకు జీతం లేని సభ్యులు ఉంటారు. అంతకుముందు ఏ ప్రతిపాదన ఎవరి బల్ల మీద ఎన్నాళ్లు మూలుగుతుందో చెప్పలేని స్థితి. కొత్త విధానం వచ్చాక ప్రతి మెట్టుకూ గడువు పడింది. దాని ఇంగ్లిష్ పేరును కుదించి యులర్ప్ అని పిలుస్తారు. ఆరంభంలో ఆఖరి మాట బోర్డ్ ఆఫ్ ఎస్టిమేట్‌ది. బరోలు అనే నగర విభాగాల్లో 22 లక్షల జనాభా దాటిన బ్రూక్లిన్‌కూ, దానిలో ఆరో వంతు కూడా లేని స్టేటెన్ ఐలండ్‌కూ ఆ బోర్డులో సమాన ఓటు ఉండేది. ఇది ఒక మనిషికి ఒక ఓటు సూత్రానికి విరుద్ధమని 1989లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పడంతో ఆ బోర్డు రద్దయి, అధికారం సిటీ కౌన్సిల్ చేతికి వచ్చింది.

క్రమం ఇలా నడుస్తుంది. బిల్డరు దరఖాస్తు అన్నివిధాలా సరిగ్గా ఉందని నగర ప్రణాళికా శాఖ ధ్రువీకరించాకే గడియారం మొదలవుతుంది. దీనికి ముందు దశకే ఏళ్లు పట్టేస్తాయని, అక్కడ ఏ గడువూ లేదని బిల్డర్లు వాపోతారు. ఆ తర్వాత కమ్యూనిటీ బోర్డుకు 60 రోజులు. తొలి విచారణ పెట్టేది ఈ బోర్డే. బరో అధ్యక్షుడికి 30 రోజులు. ఈ ఇద్దరిదీ సలహా మాత్రమే. 13 మంది సభ్యుల ప్రణాళికా కమిషన్‌కు 60 రోజులు, అక్కడా విచారణ తప్పనిసరి. చివరికి 51 మంది సభ్యుల కౌన్సిల్‌కు 50 రోజులు. అన్నీ కలిపితే సుమారు ఏడు నెలలు. అయితే రాతలో లేని ఆచారం ఒకటి చాలాకాలం రాజ్యమేలింది. స్థలం ఏ కౌన్సిల్ సభ్యుడి వార్డులో ఉంటే ఆ సభ్యుడు కాదంటే మిగతావాళ్లూ కాదనేవారు. వందమంది వచ్చి మాట్లాడినా, లెక్కకొచ్చేది ఆ ఒక్క సభ్యుడి మనసే.

కమిషన్ విచారణలు ఇప్పుడు 120 బ్రాడ్‌వేలోనే, ఆ ఈక్విటబుల్ బిల్డింగ్ నేలమాళిగలోనే జరుగుతున్నాయి. మాట్లాడదలచినవాళ్లు ముందుగా పేరు రాయించుకుని, అనుకూలమో వ్యతిరేకమో చెప్పాలి. ఒక్కొక్కరికి దక్కేది రెండు మూడు నిమిషాలు. ముందు దరఖాస్తుదారు తరఫు న్యాయవాదీ ఆర్కిటెక్టూ బొమ్మలు చూపిస్తారు, ప్రజాప్రతినిధులు మాట్లాడతారు, ఆపైన సామాన్యుల వంతు. మెట్రోలో రద్దీ, బడిలో సీట్లు, పార్కింగు, నీడ, అద్దెలు అందుకోలేక ఊరొదిలిన పిల్లలు... ఒకదాని వెంట ఒకటి వస్తుంటాయి. వంతు ఎప్పుడొస్తుందో తెలియదు కనుక పని మానుకుని గంటల తరబడి కూర్చోగలిగినవాళ్లే ఎక్కువగా మిగులుతారు.

ఇది ఊహ కాదు. బోస్టన్ యూనివర్సిటీకి చెందిన కేథరిన్ లెవిన్ ఐన్‌స్టైన్, డేవిడ్ గ్లిక్, మాక్స్‌వెల్ పామర్ మసాచుసెట్స్‌లోని 97 ఊళ్ల సమావేశాల మినిట్సు జల్లెడ పట్టారు. మాట్లాడినవాళ్లలో వయసు పైబడినవాళ్లు, మగవాళ్లు, సొంతిల్లు ఉండి ఏళ్ల తరబడి అక్కడే ఉంటున్నవాళ్లు జనాభాలో తమ వాటాకు మించి కనిపించారు. కొత్త ఇళ్ల ప్రతిపాదనలను సమర్థించినవి దాదాపు 15 శాతం వ్యాఖ్యలే. కట్టబోయే ఇంట్లోకి రాబోయే మనిషికి ఆ సంగతే తెలియదు కదా, ఎవరు వచ్చి మాట్లాడతారు?

కోవిడ్ కాలంలో విచారణలు ఆన్‌లైన్‌కు మారినప్పుడు బ్రూక్లిన్‌లోని గొవానస్ వాసులు కొందరు కోర్టుకెక్కారు. ఇంట్లో ఇంటర్నెట్ లేనివాళ్ల సంగతేమిటన్నది వాళ్ల ప్రశ్న. 2021లో చివరికి ఆన్‌లైన్‌తో పాటు పార్కులో ఆరుబయట మైకు పెట్టి విన్నారు. అదే ఏడాది నవంబరులో కౌన్సిల్ గొవానస్ జోనింగ్ మార్పును ఆమోదించింది.

నగరమంతటా కొద్దికొద్దిగా ఇళ్లు పెంచాలన్న ‘సిటీ ఆఫ్ యెస్’ ప్రతిపాదన మీద 2024 జులై 10న కమిషన్ జరిపిన విచారణ పొద్దున మొదలై రాత్రి దాకా సాగింది. అంతకుముందే కమ్యూనిటీ బోర్డుల్లో ఎక్కువ భాగం దాన్ని తోసిపుచ్చాయి. అయినా కమిషన్ ఒప్పుకుంది. కౌన్సిల్ పార్కింగ్ నిబంధనల రద్దు లాంటివి కొంత తగ్గించి డిసెంబరు 5న 31-20 ఓట్లతో నెగ్గించింది. విచారణల వల్ల ప్రతిపాదన ఆగకపోయినా ఆకారం మారింది, బోర్డుల మాట ఆ మేరకు చెల్లింది. 2025 నవంబరులో ఓటర్లు చార్టర్‌ను మళ్లీ సవరించారు. చిన్నపాటి ప్రాజెక్టులకు దగ్గరదారి వేశారు. అందుబాటు ధర ఇళ్లను కౌన్సిల్ కాదంటే మేయర్, స్పీకర్, బరో అధ్యక్షుల్లో ఇద్దరు కలిసి ఆ నిర్ణయాన్ని తిప్పేసే వీలు కల్పించారు. పైన చెప్పిన వార్డు సభ్యుడి ఆచారానికి వేసిన కత్తెర ఇది.

మనదేశంలో ఇదే పని ‘అభ్యంతరాలు, సూచనలు’ అనే పేరుతో జరుగుతుంది. ముసాయిదా మాస్టర్ ప్లాన్‌ను ప్రకటించి, గడువులోగా కాగితం మీద రాసి ఇమ్మంటారు. న్యూయార్క్ తరహా మెట్లు, మెట్టుమెట్టుకూ మైకు ఉండవు. ఢిల్లీలో సెంట్రల్ విస్టా కోసం భూవినియోగం మార్చినప్పుడు 1,292 అభ్యంతరాలు వస్తే, 2020 ఫిబ్రవరి 6, 7 తేదీల్లో రెండు రోజుల్లో వాటి విచారణ ముగించారు. సుప్రీంకోర్టు 2021 జనవరిలో 2-1 మెజారిటీతో దాన్ని సమర్థించింది. ప్రజలకు అర్థమయ్యేంత సమాచారం ఇవ్వలేదని జస్టిస్ సంజీవ్ ఖన్నా విభేదించారు.

తెలంగాణలోని కామారెడ్డిలో ముసాయిదా మ్యాప్‌లో తమ పంట పొలాలు పారిశ్రామిక జోన్ రంగులోకి మారాయని రైతులకు తెలిసేసరికి అభ్యంతరాల గడువు నడుస్తోంది. అర్జీలు ఇచ్చినవాళ్లే 2023 జనవరి మొదటి వారంలో వేలల్లో కలెక్టరేట్‌ను ముట్టడించారు. జనవరి 20న పురపాలక సంఘం అత్యవసరంగా సమావేశమై ఆ ముసాయిదాను రద్దు చేస్తూ తీర్మానించింది.